కనురెప్పల బరువు

మిసుకు కొండలు
4 మార్చి 1996

ఒరేయ్ ఇప్యానా,

నీ ఉత్తరం చేరింది. ఎనిమిదో తరగతిలో నీ చేతిరాత ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది, కోడి గీకినట్టు. "ఆపరేషన్" అన్న మాటను ఒకే పేజీలో రెండు రకాలుగా రాశావు. రోజూ నువ్వు మత్తు ఇస్తున్నది ఆపరేషన్లకే కదరా!

ఇక్కడ వాన వదలడం లేదు. చితిపా రోడ్డు రెండుచోట్ల కొట్టుకుపోయింది. కాఫీ బస్తాల లారీ దిగితే ఈ ఉత్తరం దిగుతుంది, లేకపోతే లేదు.

పోయినవారం బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మధ్యాహ్నం నాలుగో తరగతికి భాగహారాలు చెబుతున్నాను. ఆయన తన పుస్తకంలో "శ్రీమతి కయాంగే తరగతిలో నిద్రపోతున్నారు" అని రాసి వెళ్లాడు. నేను నిద్రపోలేదు. రెప్పలు వాలాయి, అంతే. పొద్దున బాగానే ఉంటాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరో సంచీ వేలాడదీసినట్టు బరువెక్కుతాయి. ఎడమ రెప్పను వేలితో ఎత్తిపట్టుకుని పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద నేను గీసిన గీత ఒకటైతే నాకు రెండు కనిపిస్తాయి. మాంసం సగం నమిలేసరికి దవడ మొరాయిస్తుంది. మొన్న ఒక పెళ్లిలో నవ్వితే పెళ్లికూతురి తల్లి "ఎందుకంత కోపం, మేడమ్?" అని అడిగింది.

నాకు కళ్లజోడు కావాలి. నగరంలో ఉన్నావు కదా, దిట్టమైనది ఒకటి చూసి పంపు.

నీ టీచరు,
సుబిలగా కయాంగే


మ్జూజు
19 మార్చి

మేడమ్ గారికి నమస్కారాలు.

కళ్లజోడు పంపడం లేదు. కోప్పడకండి. ముందు నేను చెప్పిన రెండు పనులు చేసి, ఫలితం రాయండి.

ఒకటి. తలెత్తకుండా, కళ్లతో మాత్రమే పైకప్పు దూలాన్ని చూడండి. రెప్పలు ఎంతసేపటికి వాలతాయో ఎవరైనా గడియారం చూసి చెప్పాలి.

రెండు. నిండా ఊపిరి తీసుకుని, మళ్లీ పీల్చకుండా, ఒకటి నుంచి పైకి లెక్కపెట్టండి. ఎంతవరకు వెళ్లారో రాసుకోండి. పొద్దున ఒకసారి, బడి అయ్యాక ఒకసారి.

ఇంకో మాట. నేను మళ్లీ రాసేదాకా ఏ డిస్పెన్సరీలోనూ ఇంజక్షన్ వేయించుకోవద్దు. జ్వరమొచ్చినా సరే, ముందు ఈ కాగితం వాళ్లకు చూపించండి. ఎందుకని అడగకండి. మీరు అడుగుతారని తెలుసు, అయినా అడగకండి.

మీ విద్యార్థి,
ఇప్యానా ముసుక్వా


మిసుకు కొండలు
6 ఏప్రిల్

ఇప్యానా,

ఎందుకని అడుగుతున్నాను. సరే, నువ్వు చెప్పవులే.

నీ పరీక్షలకు నాలుగో తరగతినే పరీక్షాధికారులుగా పెట్టాను. వాళ్ల ఆనందం చూడాలి. దూలం చూస్తే నలభై సెకన్లకే రెప్పలు పడిపోయాయి. "మేడమ్ ఫెయిల్!" అని అరిచారు. ఊపిరి లెక్క పొద్దున ముప్పయ్యొకటి, బడయ్యాక పదిహేడు. పదిహేనో అంకె నుంచి గొంతు ముక్కులోంచి వచ్చింది, జలుబు చేసిన మేకలాగా. పిల్లలు ఒక్కొక్కరూ యాభై దాటారు. వాళ్ల ఎదురుగా నా పరువు పోయింది, దానికి బాధ్యుడివి నువ్వే.

ఇంకేమీ లేదు. అంతా బాగానే ఉంది.

సుబిలగా కయాంగే

(వెనక పేజీలో, వేరే చేతిరాతతో)

ఇప్యానా బాబూ, నేను అంబోకిలేని, మీ మేడమ్ భర్తను. ఉత్తరం లారీలో వెయ్యమని నాకిచ్చింది కాబట్టి చదివాను. అంతా బాగాలేదు. మూడేళ్లుగా ఆమె గొంతు మీద గడ్డ పెరుగుతోంది. మెడకు కండువా చుట్టి దాస్తుంది. రెండు నెలలుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే గొంతులో ఈల మోగుతుంది. నేను రాశానని చెప్పకు. చెప్పినా ఫరవాలేదు, ఎలాగూ తిడుతుంది.


మ్జూజు
15 ఏప్రిల్

మేడమ్,

రోడ్డు బాగవగానే మొదటి బస్సుకు రండి. కండువా తీసి రండి. అంబోకిలే గారిని తిట్టకండి.

ఇప్యానా


మిసుకు కొండలు
12 మే

ఇప్యానా,

తిట్టాను. ఇంటికి చేరేదాకా, బస్సులో అందరూ వినేలా. అరగంట దాటినా నా గొంతు అలసిపోలేదు, దాన్నిబట్టి నీ మందు పనిచేస్తోందని అర్థం చేసుకో.

ఆ రోజు మీ ఆసుపత్రిలో నువ్వు నా చేతికి సూది గుచ్చి గడియారం చూస్తూ నిలబడ్డప్పుడు, పది నిమిషాల్లో నా రెప్పలు వాటంతట అవే లేచాయి. ఎవరో కిటికీ తలుపులు తెరిచినట్టుంది. నీ ముఖం ఒక్కటే కనిపించింది, రెండు కాదు. నీ తలలో తెల్లవెంట్రుకలు కనిపించాయి. నా ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెల్లవెంట్రుకలా! నేను ఏడ్చింది అందుకే, వేరే ఏమీ అనుకోకు.

జబ్బు పేరు మయస్థీనియా అన్నావు. నరం కబురు పంపుతుంది, కండరం దగ్గర ఆ కబురు అందుకునే తలుపులు చాలావరకు మూసుకుపోయాయి, అన్నావు. నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠాలన్నిటికంటే బాగా చెప్పావు. మాత్రలు రోజుకు నాలుగుసార్లు వేసుకుంటున్నాను. నిన్న కలొంగొండ చిక్కుళ్లు గిన్నెడు తిన్నాను, దవడ ఒక్కసారి కూడా ఆగలేదు.

కానీ గొంతు మీద గడ్డ కోయించుకోను. అది నా గొంతు, అక్కడే ఉండనీ. ఆ మాట మళ్లీ ఎత్తకు.

సుబిలగా


మ్జూజు
22 మే

మేడమ్,

ఎత్తుతున్నాను. మీ ఎక్స్‌రే నా బల్ల మీద ఉంది. గడ్డ గాలిగొట్టాన్ని ఒక పక్కకు నెట్టి నొక్కేసింది. వేలు పట్టాల్సినచోట ఇప్పుడు పెన్సిల్ పడుతుంది, అంతే. ఇంకో ఏడాదికి అదీ పట్టదు. ఈ జబ్బుతో ఊపిరి కండరాలు ముందే బలహీనంగా ఉన్నాయి. గొట్టం సన్నబడి, కండరం అలసిపోతే ఏమవుతుందో మీరే చెప్పండి. లెక్కలు నేర్పింది మీరు.

మీరు పాముకు భయపడరు. ఇన్‌స్పెక్టర్‌కు భయపడరు. నా చిన్నప్పుడు తాగి బడిలోకి వచ్చిన మా నాన్ననే చెవి పట్టుకుని బయటికి పంపారు. మరి కత్తికి భయమంటే నేను నమ్మను. అసలు సంగతి రాయండి.

ఇప్యానా


మిసుకు కొండలు
8 జూన్

ఇప్యానా,

ఇది అంబోకిలేకు కూడా తెలియదు. ఉత్తరం అతికించి, నేనే లారీ దాకా నడిచి వేస్తున్నాను.

పన్నెండేళ్ల కింద నాకు అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. ఏ ఆసుపత్రో రాయను, అక్కడివాళ్లు మంచివాళ్లే. మత్తు ఇచ్చారు. నేను లేచాను. అంటే నాకు తెలివి వచ్చింది. కానీ వేలు కదలదు, కన్ను తెరుచుకోదు, ఊపిరి తీసుకోబోతే ఛాతీ లేవదు. ఎవరో రబ్బరు సంచీ పిండి గాలి కొడుతున్నారు. చుట్టూ మాటలన్నీ వినబడుతున్నాయి. ఒక నర్సు అంది: "ఈమె పోయినట్టే, భర్తను పిలవండి." ఇంకొకామె నా చెప్పులు ఎక్కడున్నాయని అడిగింది.

నేను లోపల అరుస్తున్నాను రా. ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని. ఎంతసేపో తెలియదు. తర్వాత చెప్పారు, పద్నాలుగు గంటలు సంచీ పిండారట, ఇద్దరు నర్సులు వంతులవారీగా. వాళ్లకు రుణపడి ఉన్నాను. కానీ ఆ చీకట్లోకి మళ్లీ వెళ్లమని నన్ను అడగకు. ఊపిరాడక పోతే పోతాను, అది నా ఇంట్లో, నా గోడకు ఆనుకుని.

ఇప్పుడు తెలిసిందిగా.

సుబిలగా


మ్జూజు
20 జూన్

మేడమ్,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అది పట్టుకుని ఆపరేషన్ థియేటర్ వెనక మెట్ల మీద కూర్చున్నాను.

మీకు జరిగింది ఎందుకు జరిగిందో నాకు తెలుసు. మత్తుతోపాటు కండరాలను సడలించే మందు ఒకటి ఇస్తాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అరగంటలో దిగిపోతుంది. మీ ఒంట్లో ఈ జబ్బు అప్పటికే మొదలై ఉండాలి, ఎవరికీ తెలియలేదు. మీలాంటివాళ్లకు ఆ మందు పదోవంతు ఇచ్చినా ఎక్కువే. వాళ్లు నిండుగా ఇచ్చారు. నిద్రమందు దిగిపోయింది, సడలించే మందు దిగలేదు. అది మీ పిరికితనం కాదు, కల కాదు, దెయ్యం కాదు. మందు.

ఇప్పుడు నా సంగతి. ఎవరికీ రాయనిది.

చదువయ్యాక నన్ను మొదట సరస్సు ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో వేశారు. గోంద్వే అనే వడ్రంగి హెర్నియాతో వచ్చాడు. రెప్పలు వాలి ఉన్నాయి. నేను "రాత్రి బాగా తాగావా పెద్దాయనా?" అని పరాచికాలాడాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోపంలా కనిపించింది. నేను అదే మందు ఇచ్చాను, నిండుగా. ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన ఊపిరి తిరిగి రాలేదు. రెండు రోజులు సంచీ పిండాం. మూడో రోజు గోంద్వే చనిపోయాడు. ఆ తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఒకే పేజీలో ఆ రెప్పలూ, ఆ నవ్వూ ఉన్నాయి. మీ మొదటి ఉత్తరంలో పెళ్లికూతురి తల్లి మాట చదవగానే నాకు ఆయన నవ్వే కనిపించింది.

అందుకే మీకు కళ్లజోడు పంపలేదు.

మీకు ఆ మందు చుక్క కూడా ఇవ్వకుండా మత్తు ఇవ్వవచ్చు. నేను చేయగలను. కానీ ఒకసారి తప్పుచేసినవాడి చేతిలోకి రావాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.

ఇప్యానా


మిసుకు కొండలు
3 జూలై

ఇప్యానా,

నీ ఉత్తరం అంబోకిలేకు చదివి వినిపించాను. నాదీ చెప్పాను. పన్నెండేళ్లు నా పక్కన పడుకున్న మనిషి, "ఆ చెప్పులు ఇంకా ఉన్నాయా? తగలబెడదాం" అన్నాడు.

తప్పు చేయనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికి పోదును. లేరు. చేసిన తప్పును పేరుతో సహా చెప్పినవాడు నువ్వు ఒక్కడివే దొరికావు. ఆగస్టు సెలవుల్లో వస్తున్నాను.

నా షరతులు విను. నాకు తెలివి వచ్చేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి, ఇంకెవరో కాదు. నేను విన్నా వినకపోయినా నాతో మాట్లాడుతూ ఉండాలి. ఏం మాట్లాడాలో తెలియకపోతే నేను నేర్పిన పాఠమేదైనా అప్పజెప్పు. నా తల దగ్గర ఎవరూ నా చెప్పుల గురించి మాట్లాడకూడదు.

సుబిలగా


మ్జూజు
2 సెప్టెంబర్

మేడమ్ గారికి,

కుట్లు మానాయని అంబోకిలే గారు కబురు పంపారు. సంతోషం. మీరు ఇక్కడున్నన్నాళ్లూ చెప్పని సంగతులు ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు మీరు నన్ను ఏమీ చేయలేరు.

మా సర్జన్ డాక్టర్ కచింగ్వే మొదట ఒప్పుకోలేదు. "ముసుక్వా, ఆ మనిషి నా బల్ల మీద పోతే నీ మయస్థీనియా పాఠం ఎవరికి చెబుతావు?" అన్నారు. రెండు వారాలు ఆయన వెంటపడ్డాను. చివరికి, "సరే, కానీ గొంతులో గొట్టం వేసేదాకా నేను కత్తి పట్టను" అన్నారు. అది న్యాయమే.

ముందు రోజు సాయంత్రం సడలించే మందు సీసాలన్నీ థియేటర్‌లోంచి తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి సిస్టర్ చేతికిచ్చాను. "నేను అడిగినా ఇవ్వకు" అని చెప్పాను. చెయ్యి తొందరపడే ఘడియ ఒకటి వస్తుందని నాకు తెలుసు.

వచ్చింది. మిమ్మల్ని కూర్చోబెట్టి మాస్కు పెట్టాను. మీరు పడుకుంటే గాలిగొట్టం మూసుకుపోతుంది కదా. గాలిలో మత్తు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. మీ ఊపిరి మీరే తీసుకుంటూ ఉండాలి, అదే మొత్తం కిటుకు. పది నిమిషాలు. ఇరవై. డాక్టర్ చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని గోడకు ఆనుకున్నారు. "ఇంజక్షన్ ఇచ్చెయ్యవయ్యా, నిమిషంలో అయిపోతుంది. మనం ఇవాళే ఇంటికెళ్లాలి" అన్నారు. సిస్టర్ తాళంచెవి జేబులో ఇంకా లోపలికి తోసుకుంది.

ఇరవై ఏడో నిమిషంలో మీ గొంతులో మొద్దుబారే మందు చల్లి లోపల చూశాను. దారి మధ్యలో లేదు, ఎడమకు జరిగిపోయింది. మొదటి గొట్టం పట్టలేదు. అంతకంటే సన్నది తీసుకున్నాను. గొట్టం లోపలికి జారింది. సంచీ దానంతట అదే ఉబ్బింది, తగ్గింది. మీ ఊపిరి! నేను పిండింది కాదు.

డాక్టర్ వచ్చి కత్తి అందుకున్నారు. రెండు గంటల్లో రెండు మామిడికాయలంత గడ్డ బయటికొచ్చింది. చివర్లో నర్సు మామూలుగా ఇచ్చే యాంటిబయాటిక్ తెచ్చింది, మీ జబ్బుకు పడనిది. నేను నోరు తెరిచేలోగా డాక్టరే "అది ఈమెకు కాదు, వేరేది తీసుకురా" అన్నారు. అంటే మనిషి ముందు రోజు పుస్తకం చదివారన్నమాట.

గొట్టం వెంటనే తీయలేదు. మీరు నా మాట విని తల దిండు మీంచి ఎత్తి, ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టుకునేదాకా తీయనని ఒట్టు పెట్టుకున్నాను. మీరు ఎత్తారు. ఎనిమిది దాకా పట్టుకున్నారు. సిస్టర్ ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు పని ఉంది.

ఒక మనవి. ఇక్కడ మత్తు కోర్సులో పన్నెండుమంది కొత్తగా చేరారు. గొంతు మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒక గంట వాళ్లతో మాట్లాడతారా? మత్తు ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. లోపలినుంచి విని, తిరిగొచ్చి చెప్పగలిగిన టీచరు దొరకదు.

ఇప్యానా


మిసుకు కొండలు
14 అక్టోబర్

ఇప్యానా,

ఒక అబద్ధం సరిచేయాలి. నేను తల ఎత్తింది నువ్వు ఎత్తమన్నందుకు కాదు.

నాకు తెలివి వచ్చింది. చీకటి. గొంతులో గొట్టం. పాత భయం కాళ్ల దగ్గర్నుంచి పాకుతూ వస్తోంది. అప్పుడు నీ గొంతు వినిపించింది. నాలుగో తరగతి పాఠం, ఉత్తరాన్నుంచి దక్షిణానికి నదుల పేర్లు అప్పజెబుతున్నావు. "సోంగ్వే, నార్త్ రుకురు, సౌత్ రుకురు, ద్వాంగ్వా..." ఒరేయ్, లుఫిల్యా ఏదిరా? మన పొరుగునున్న నదే మరిచిపోతావా? నీకు అది ఎన్నిసార్లు చెప్పాను! నోరు తెరవడానికి లేదు, గొట్టం ఉంది. తల ఎత్తి నీ వైపు తిప్పాను. కోపంతో ఎనిమిది కాదు, ఎనభై దాకా పట్టుకునేదాన్ని. తర్వాత చూస్తే భయం ఎక్కడికో పోయింది. వేలు కదిలింది. కన్ను తెరుచుకుంది. ఛాతీ నాదిగా లేచింది. నేను ఉన్నాను, ఉన్నానని అందరికీ తెలుసు.

నీ పన్నెండుమందిని బాగానే బెదిరించాను కదా. చితిపా వైపునుంచి వచ్చిన పొడుగు కుర్రాడు "మేడమ్, మీకు నొప్పి కంటే భయం ఎక్కువైందా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. "నొప్పికి మీ దగ్గర మందుంది. భయానికి మీ గొంతు ఉంది, దాన్ని వాడండి" అన్నాను. ముందు వరసలో కూర్చున్న టియాంజానే అన్న అమ్మాయి ఒక్కమాట వదలకుండా రాసుకుంది. చివరి బెంచీలో డాక్టర్ కచింగ్వే చెయ్యెత్తారు చూడు, పిల్లవాడిలాగా! "మత్తు ఇచ్చే ముందు మేం మిమ్మల్ని ఏం అడిగి ఉండాల్సింది?" అన్నారు. "సాయంత్రం ఎలా ఉంటారని అడగండి. ఆసుపత్రికి అందరూ పొద్దునే వస్తారు, పొద్దున మేమందరం బాగానే కనిపిస్తాం" అన్నాను. ఆయన అదే గోడ మీద రాయించారని విన్నాను. నిజమేనా?

ఊపిరి లెక్క నలభై రెండు. వెల్లకిలా పడుకుంటున్నాను. అంబోకిలే ఈల వినబడక నిద్రపట్టడం లేదంటున్నాడు.

సుబిలగా


మ్జూజు
18 నవంబర్

మేడమ్,

నిజమే. పెద్ద అక్షరాలతో రాయించారు. లుఫిల్యా నేను మరిచిపోలేదు. ఇంతకంటే ఏమీ చెప్పను.

ఈ ఉత్తరం రాస్తున్నది వేరే సంగతికి. టియాంజానేను నెలరోజుల శిక్షణకు సరస్సు ఒడ్డున, నేను మొదట పనిచేసిన ఊరికే పంపాం. పోయినవారం ఆమె ఉత్తరం వచ్చింది. చేపలు ఎండబెట్టే ఒకామెకు కాన్పు కష్టమైంది, బిడ్డ అడ్డం తిరిగింది. కోసి తీయాలి. సీనియర్ ఊళ్లో లేడు. సడలించే మందు సిరంజిలోకి తీసుకుంది. తీసుకుని, ఆగి, అడిగిందట: "అక్కా, సాయంత్రంపూట ఎలా ఉంటావు?"

"సాయంత్రమైతే చేప పొట్ట కోయడానికి చేతులు లేవవమ్మా. కళ్లు మూసుకుపోతాయి. మా అత్త సోమరిదానివంటుంది."

టియాంజానే సిరంజి పక్కన పెట్టేసింది. వెన్నులో మత్తు ఇచ్చింది, నడుం కిందికి మాత్రమే. తల్లి మెలకువగానే ఉంది, తన ఊపిరి తనే తీసుకుంటూ. ఆడపిల్ల. మొదటి వారం బిడ్డ పాలు సరిగా పీల్చలేదు, తల్లి జబ్బు నీడ బిడ్డ మీద కొన్నాళ్లు ఉంటుంది. సన్నగొట్టంతో పాలు పట్టారు. తొమ్మిదో రోజున చప్పుడొచ్చేలా పీల్చిందట. ఇప్పుడు తల్లీబిడ్డా ఇద్దరూ మా దగ్గరే ఉన్నారు. తల్లికి మాత్రలు మొదలుపెట్టాం. ఇవాళ సాయంత్రం నేను చూస్తుండగా రెండు చేతులతో బిడ్డను తలపైకి ఎత్తింది.

మేడమ్, ఆ బిడ్డ పుట్టింది ఆ థియేటర్‌లోనే. గోంద్వే పడుకున్న బల్ల మీదే.

ఇప్యానా


మిసుకు కొండలు
30 నవంబర్

ఇప్యానా,

మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో లారీ డ్రైవరు కిటికీలోంచి నీ ఉత్తరం అందించాడు. ఆగలేక తరగతిలోనే విప్పాను. చదువుతూ నా ముఖం ఎలా పెట్టానో, ఒక పిల్ల లేచి "మేడమ్, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

"లేదు, ఒకామె బతికింది. ఆమె కూతురూ బతికింది" అన్నాను.

"మీ చుట్టాలా?"

"ముఖం కూడా చూడలేదు."

నలభైమంది పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ. ఎందుకో ఒక్కరికీ తెలియదు. పక్క గదిలో హెడ్మాస్టరు గోడ మీద కొట్టాడు, గోల ఆపమని.

నేను ఆపలేదు. నేనూ కొట్టాను.

సుబిలగా కయాంగే